నూనె మిల్లు, ధాన్యం మిల్లు విడిభాగాలకు బోరైడ్ పూత చేయించుకోవడం ఎలా

బోరాన్ కోనసీమకు కొత్త పదార్థం కాదు. కంసాలి కుంపటి పక్కన చిన్న డబ్బాలో ఉండే వెలిగారం బోరాన్ లవణమే. కొబ్బరి మొవ్వులో ఆకులు సరిగా విచ్చుకోక ముడుచుకుపోతున్నప్పుడు రైతు చెట్టు పాదులో వేసే బోరాక్స్ కూడా అదే. వెలిగారాన్ని గోటితో గీయవచ్చు. కానీ అందులోని బోరాన్ విడిగా వచ్చి ఇనుముతోనో, టైటానియంతోనో, జిర్కోనియంతోనో నేరుగా రసాయనికంగా కలిసినప్పుడు ఏర్పడే బోరైడ్‌ను గీయాలంటే వజ్రపు పొడి వంటిది కావాలి. అంబాజీపేట నూనె మిల్లుల నుంచి మండపేట, తణుకు ధాన్యం మిల్లుల వరకు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల మేత మిల్లుల వరకు, డెల్టాలో అరిగిపోయిన ఉక్కు భాగాల కోసం ఏటా ఎంతో డబ్బు ఖర్చవుతోంది. ఆ ఖర్చులో కొంత భాగాన్ని బోరైడ్ పూత తగ్గించగలదు. అయితే ఏ భాగానికి ఏ రకం బోరైడ్ వేయించాలో తెలియకుండా చేయిస్తే పూత డబ్బు, భాగం డబ్బు రెండూ పోతాయి. మిల్లు విడిభాగాలు తయారుచేసే లేత్ వర్క్‌షాపులో చాలాకాలంగా పనిచేస్తున్న నేను, ఆ తేడాను వివరంగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా అరిగిన భాగాన్ని పరిశీలించాలి

పూత గురించి ఎవరితోనైనా మాట్లాడే ముందు, పాత భాగాన్ని కిరోసిన్‌తో శుభ్రంగా కడిగి, ఎండ వెలుతురులో భూతద్దం కింద పెట్టి చూడాలి. ఎండు కొబ్బరి ఆడిన ఎక్స్‌పెల్లర్ (నూనె తీసే యంత్రం) వార్మ్‌ను, అంటే లోపల తిరుగుతూ పిండిని ముందుకు నెట్టే మరను, ఉదాహరణగా తీసుకుందాం. కొత్తగా ఉన్నప్పుడు దాని మర అంచు చేతికి కోసుకునేంత చతురస్రంగా ఉంటుంది. ఒక సీజను నడిచిన తరువాత ఆ అంచు గుండ్రంగా తిరిగి, పిండిని నెట్టే ముఖం అద్దంలా మెరుస్తూ కనిపిస్తుంది. ఆ మెరుపును చూసి ఉపరితలం బాగుందని అనుకోకూడదు. భూతద్దంలో చూస్తే పిండి జరిగే దిక్కులోనే వందలాది సన్నని గీతలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఇవి ఇసుక గీసిన గీతలు. కళ్ళంలోనో మిల్లు ఆవరణలోనో నేల మీద ఎండబెట్టిన కొబ్బరికి, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యానికి అంటుకుని వచ్చే సన్నని ఇసుకే ఆ పని చేస్తుంది.

గీతలకు బదులు గుంటలు, నొక్కులు కనిపిస్తే అది దెబ్బల వల్ల జరిగిన నష్టం. గోధుమరంగు చిల్లులు ఉంటే అది తుప్పు. ఒక లోహం ముద్ద మరో లోహానికి అతుక్కుని చిరిగినట్టు ఉంటే అది రాపిడిలో పుట్టిన అతుకు. ఈ నాలుగింటిలో గీతలకూ అతుకుకూ బోరైడ్ బాగా పనిచేస్తుంది, దెబ్బలకు అంతంత మాత్రంగా పనిచేస్తుంది, ఉప్పునీటి తుప్పుకు దాదాపు పనికిరాదు. ఈ ఒక్క పరిశీలన చేయకుండా పూతకు పంపిన భాగాలే ఎక్కువగా విఫలమవుతాయని నా అనుభవం.

కాఠిన్యం లెక్క

ఉపరితలం తనను గీసే రేణువు కంటే గట్టిగా ఉంటే అరుగుదల ఒక్కసారిగా పడిపోతుంది. రేణువు కంటే కొంచెం మెత్తగా ఉన్నా, ఆ ఉక్కు ఎంత ఖరీదైనదైనా, అరుగుదల కొనసాగుతూనే ఉంటుంది. గోదావరి ఇసుకలో ప్రధానమైన క్వార్ట్జ్ కాఠిన్యం వికర్స్ కొలమానంలో సుమారు 1,100. బాగా నీరు పట్టించిన (కాల్చి, ముంచి గట్టిపరచిన) ఉక్కు 700 నుంచి 800 వరకే చేరుతుంది కాబట్టి ఇసుక దాన్ని గీస్తూనే ఉంటుంది. ఇనుప బోరైడ్ కాఠిన్యం 1,400 దాటుతుంది, అంటే ఇక్కడ ఇసుకే ఓడిపోతుంది. టైటానియం డైబోరైడ్ ఇంకా పైన, 3,000 ప్రాంతంలో ఉంటుంది. 3,200 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే గాని అది కరగదు.

అయితే ఎక్కువ గట్టిదైన టైటానియం డైబోరైడ్‌నే వార్మ్‌కు కూడా వేయించవచ్చు కదా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. దీనికి సమాధానం మందంలో ఉంది. శూన్యపు గదిలో వేసే టైటానియం డైబోరైడ్ పలుచని పొర సాధారణంగా 1 నుంచి 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందమే ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇసుక రేణువు వెంట్రుక కంటే లావుగా ఉండి, ఎక్స్‌పెల్లర్‌లోని ఒత్తిడితో మెత్తని ఉక్కు మీద ఉన్న అంత పలుచని పొరను నొక్కినప్పుడు, బురద మీద పరచిన పెంకు మీద కాలు వేసినట్టు కింది ఉక్కు లోపలికి దిగిపోతుంది, పైనున్న పొర పగిలిపోతుంది. కనుక పలుచని పొర టంగ్‌స్టన్ కార్బైడ్ వంటి గట్టి పునాది మీదనే నిలుస్తుంది. వార్మ్, ఛాంబర్ బారు, ఊక బ్లోయరు రెక్కల వంటి ఉక్కు భాగాలకు ఉక్కులోకే ఇంకి పెరిగే 50 నుంచి 150 మైక్రాన్ల ఇనుప బోరైడ్ పొర కావాలి. దీనినే బోరైడింగ్ అంటారు.

ఉక్కును ఎంచుకోవడం

బోరైడింగ్‌కు ఈఎన్ 8 వంటి మధ్యస్థ కార్బన్ ఉక్కు చాలా అనువైనది. ఇటువంటి ఉక్కులో బోరైడ్ స్ఫటికాలు వరికోత కొడవలి పళ్ళలా లోపలికి గుచ్చుకుని పెరుగుతాయి కాబట్టి పొర ఊడకుండా గట్టిగా పట్టుకుంటుంది. క్రోమియం ఎక్కువగా ఉన్న ఉక్కుల్లో ఈ పళ్ళు చదునై, పొర పలుచనవుతుంది. మేత మిల్లు డైలను (మేతను గుళికలుగా ఒత్తే రంధ్రాల అచ్చులను) తరచుగా క్రోమియం ఉన్న స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేస్తారు కాబట్టి వాటికి బోరైడింగ్ చేయించాలనుకునేవారు ముందు అదే ఉక్కు ముక్క మీద చేయించి చూసుకోవాలి.

సిలికాన్ విషయంలో మాత్రం నేను చేసిన పొరపాటు ఎవరూ చేయకూడదని కోరుకుంటాను. ఒక మేత మిల్లుకు సుత్తి బ్లేడ్లు కావలసి వచ్చినప్పుడు, గట్టిగా ఉంటుందని పాత లారీ కమాను పట్టీలను కోసి బ్లేడ్లు చేసి బోరైడింగ్‌కు పంపించాను. అది ఏ ఉక్కో నేను చెప్పలేదు, చేసినవారూ అడగలేదు. తిరిగి వచ్చిన బ్లేడ్లు బూడిదరంగులో ఎంతో నునుపుగా ఉన్నాయి. వారం తిరగకముందే పైపొర చేప పొలుసుల్లా రేగి ఊడిపోయింది. కమాను పట్టీల్లో చాలావరకు ఒకటిన్నర నుంచి 2 శాతం దాకా సిలికాన్ ఉంటుంది. బోరైడ్‌లో సిలికాన్ కరగదు. బోరైడ్ లోపలికి పెరుగుతున్న కొద్దీ సిలికాన్ ముందుకు నెట్టబడి, పొరకు సరిగ్గా అడుగున పోగుపడి, అక్కడి ఉక్కును మెత్తని ఫెర్రైట్‌గా మారుస్తుంది. పైన గట్టి పెంకు, దాని కింద మెత్తని పరుపు ఏర్పడిన తరువాత దెబ్బ తగిలితే పెంకు నిలవదు. సిలికాన్ 0.8 శాతం దాటిన ఉక్కును బోరైడింగ్‌కు వాడకపోవడం మంచిది. ఉక్కు కొన్నప్పుడే దాని పరీక్ష పత్రం తీసుకుని, ఆ పత్రం నకలును భాగాలతో పాటు పంపాలి.

కొలతలు, అంచులు

బోరైడ్ పొరలో నాలుగింట ఒక వంతో ఐదింట ఒక వంతో భాగం అసలు ఉపరితలానికి పైకి పెరుగుతుంది, మిగిలింది లోపలికి పోతుంది. పొర 80 మైక్రాన్లు అయితే ఒక్కో వైపు 16 నుంచి 20 మైక్రాన్లు పెరుగుతుంది, అంటే గుండ్రని షాఫ్టు వ్యాసం 32 నుంచి 40 మైక్రాన్ల వరకు పెరుగుతుంది. బేరింగు కూర్చునే చోట ఇది చాలా పెద్ద తేడా. పూత తరువాత సానపట్టి సరిచేద్దామంటే మామూలు ఎమరీ రాయి బోరైడ్ మీద సరిగా పని చేయదు, వజ్రపు రాయి కావాలి. కనుక పెరుగుదలను ముందే తీసివేసి లేత్ పని చేయించాలి, లేదా బేరింగు కూర్చునే చోట, కీ గాడిలో, మరల మీద రాగి పూత వేయించి బోరాన్ సోకకుండా కాపాడాలి. రాగి పొరను బోరాన్ సులువుగా దాటలేదు.

పదునైన అంచులన్నింటినీ కనీసం అర మిల్లీమీటరు గుండ్రం చేయాలి. పదును అంచులో రెండు వైపుల నుంచి పెరిగిన పొరలు ఒకదానినొకటి తోసుకుని పగిలిపోతాయి. పాత వెల్డింగు మచ్చలు, తుప్పు, నూనె ఏమాత్రం ఉండకూడదు.

పొడిలో వేయించడం

బోరైడింగ్ గురించి 1895లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త హెన్రీ మొయిసాన్ ప్రస్తావించాడు. నేటికీ ఎక్కువగా వాడే విధానం పొడిలో కప్పి కాల్చడమే. పొడిలో బోరాన్‌ను ఇచ్చేది బోరాన్ కార్బైడ్, చర్యను కదిలించేది పొటాషియం ఫ్లోరోబోరేట్, మిగతాదంతా భారాన్ని మోసే సిలికాన్ కార్బైడ్. సాధారణంగా చెప్పే పాళ్ళు 5, 5, 90 శాతం. మన తీరప్రాంతపు గాలిలో, ముఖ్యంగా శ్రావణ భాద్రపదాల్లో, ఈ పొడి తేమను పీల్చుకుంటుంది. తడి పొడితో కాలిస్తే పొర గుల్లగా వస్తుంది. వాడే ముందు పొడిని 110 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెట్టి, మూత బిగించిన డబ్బాలోనే నిల్వ ఉంచాలి. పూత వేసేవారిని నేను అడిగే మొదటి ప్రశ్న పొడిని ఎక్కడ ఉంచుతారన్నదే.

ఉక్కు పెట్టెలో అడుగున పొడి పరచి, భాగాల మధ్య రెండేసి వేళ్ళ ఎడం ఉండేలా నిలబెట్టి, ప్రతి భాగం చుట్టూ కనీసం 10 నుంచి 20 మిల్లీమీటర్ల పొడి ఉండేలా నింపి మూత వేయాలి. కొలిమి 850 నుంచి 950 డిగ్రీల మధ్య ఉంటుంది. ఈఎన్ 8 వంటి ఉక్కును 900 డిగ్రీల దగ్గర 4 గంటలు ఉంచితే సుమారు 70 నుంచి 100 మైక్రాన్ల పొర వస్తుంది. సమయాన్ని రెట్టింపు చేస్తే మందం రెట్టింపు కాదు, 1.4 రెట్లు మాత్రమే అవుతుంది, ఎందుకంటే కొత్తగా వచ్చే బోరాన్ ఇప్పటికే ఏర్పడిన పొరను దాటుకుని లోపలికి పోవాలి. మందం ఎక్కువైతే మంచిదని 8, 10 గంటలు కోరుకునేవారు ఉన్నారు, కానీ అది చాలాసార్లు కీడే చేస్తుంది.

ఆ కీడు ఎలా కలుగుతుందో చెప్పాలి. ఇనుముకు రెండు బోరైడ్లు ఉన్నాయి. ఒక ఇనుము పరమాణువుకు ఒక బోరాన్ ఉన్నది ఐరన్ మోనోబోరైడ్, రెండు ఇనుము పరమాణువులకు ఒక బోరాన్ ఉన్నది డైఐరన్ బోరైడ్. బోరాన్ మరీ ఎక్కువగా అందితే పైన మోనోబోరైడ్ పొర ఏర్పడుతుంది. అది మరింత గట్టిది, దానితో పాటు మరింత పెళుసుది కూడా. వేడికి ఈ రెండూ సమంగా వ్యాకోచించవు. డిగ్రీకి పది లక్షల వంతుల్లో చెప్పాలంటే మోనోబోరైడ్ సుమారు 23 వంతులు, డైఐరన్ బోరైడ్ సుమారు 8 వంతులు వ్యాకోచిస్తాయి. చల్లారేటప్పుడు పైపొర ఎక్కువగా ముడుచుకుని, కింది పొర తక్కువగా ముడుచుకోవడం వల్ల రెండింటి సరిహద్దులో పగులు పుడుతుంది. అందుకే ఆర్డరు కాగితం మీద “డైఐరన్ బోరైడ్ ఒక్కటే ఉండాలి, పొర 60 నుంచి 90 మైక్రాన్లు” అని స్పష్టంగా రాయించాలి.

కాలడం అయ్యాక పెట్టె మూత తీయకుండానే చల్లారనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడు ఫ్లోరోబోరేట్ విడిపోయి వచ్చే బోరాన్ ట్రైఫ్లోరైడ్ వాయువు విషపూరితం, అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. గాలి బయటికి లాగే ఏర్పాటు లేని షెడ్డులో ఈ పని ఎవరూ ఇంటి ప్రయోగంగా చేయకూడదని గట్టిగా చెబుతున్నాను. వాడేసిన పొడిని, కడిగిన నీటిని కాలువలోకి గాని చెరువులోకి గాని వదలకూడదు. బోరాన్ పైరుకు సూక్ష్మ పోషకమే అయినా మోతాదు కాస్త మించితే విషమవుతుంది. ధవళేశ్వరం నుంచి వచ్చే అదే కాలువ నీరు కింది ఊళ్ళ చేలకూ, చేపల చెరువులకూ, తాగునీటి చెరువులకూ వెళ్తుంది.

నెమ్మదిగా చల్లారిన భాగంలో లోపలి ఉక్కు మెత్తగానే ఉంటుంది. ఎక్కువ ఒత్తిడి మోసే వార్మ్‌లను గాలి తగలని వాతావరణంలో మళ్ళీ 840 డిగ్రీల ప్రాంతానికి వేడిచేసి నూనెలో ముంచి, తరువాత టెంపరింగు (పెళుసుదనం తగ్గేలా తక్కువ వేడిలో మళ్ళీ కాచడం) చేయించాలి. నీటిలో ముంచితే పొర పగులుతుంది.

తెచ్చుకున్న భాగాన్ని పరీక్షించడం

ప్రతి కొలిమికీ అదే ఉక్కుతో చేసిన చిన్న ముక్క ఒకటి అదనంగా పెట్టించి, ఆ ముక్కనే కోయించాలి. కోసిన ముఖాన్ని ఎమరీ కాగితాల మీద వరుసగా రుద్ది, నునుపు చేసి, నైటాల్ (ఆల్కహాలులో కలిపిన నైట్రిక్ ఆమ్లం) రాసి సూక్ష్మదర్శినిలో చూస్తే తెల్లని కొడవలి పళ్ళు ఉక్కులోకి దిగి కనిపిస్తాయి. పైభాగంలో వేరుగా ముదురు రంగు పట్టీ కనిపిస్తే మోనోబోరైడ్ ఉందని అనుమానించాలి. కాఠిన్యాన్ని అదే కోసిన ముఖం మీద 100 గ్రాముల భారంతో వికర్స్ పద్ధతిలో కొలిపించాలి. రాక్‌వెల్ యంత్రంతో పైనుంచి కొలిస్తే సూది పొరను దాటి లోపలి ఉక్కునే చెబుతుంది. ఆకురాయి జారిపోయిందని సంతోషించడానికీ లేదు, ఎందుకంటే నీరు పట్టించిన మామూలు ఉక్కు మీద కూడా అది జారుతుంది.

పలుచని పొర ఎక్కడ వేయించాలి

సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే) యంత్రం మీద అల్యూమినియం పోత భాగాలు, ఉదాహరణకు మోటారు మూతలు, కోసేవారికి టైటానియం డైబోరైడ్ పొర ఉన్న కార్బైడ్ కటింగు ముక్కలు చాలా ఉపయోగపడతాయి. అల్యూమినియం కోస్తున్నప్పుడు అది కరిగినట్టై కత్తి మొన మీద ముద్దగా అతుక్కుంటుంది, ఆ ముద్ద ఊడినప్పుడు మొన కూడా తెగుతుంది. టైటానియం డైబోరైడ్‌కు అల్యూమినియంతో పొత్తు చాలా తక్కువ కాబట్టి తునకలు జారిపోతాయి. అల్యూమినియం కలిసిన నైట్రైడ్ పూతలు ఉక్కుకు మంచివే అయినా ఈ పనికి అంతగా తగవు. అదే విధంగా, ఉక్కు కోయడానికి టైటానియం డైబోరైడ్ ముక్కను వాడకూడదు. వేడిలో అది ఇనుముతో చర్య జరుపుతుంది.

ఈ పొరను వేసే గది నుంచి గాలిని తోడివేసి, లోపల టైటానియం డైబోరైడ్ పలకను, ఎదురుగా పనిముట్లను ఉంచి, కొద్దిగా ఆర్గాన్ పంపుతారు. విద్యుత్తుతో ఉత్తేజితమైన ఆర్గాన్ అయాన్లు పలకను గుద్ది పరమాణువులను ఊడగొడతాయి, అవి ఎదురుగా ఉన్న పనిముట్టు మీద పేరుకుంటాయి. టైటానియం డైబోరైడ్‌లో విద్యుత్తు లోహాలలో మాదిరిగా ప్రవహిస్తుంది కాబట్టి ఇందుకు మామూలు ఏకదిశా విద్యుత్తు చాలు. తేలికైన బోరాన్ పరమాణువులు పలకకు నిటారుగా ఎక్కువగా ఎగరడం వల్ల పొరలో లెక్కకు మించిన బోరాన్ చేరడం సాధారణం. పరమాణువులు నేరుగా ఎగిరి వస్తాయి కాబట్టి వాటికి ఎదురుపడని లోతైన రంధ్రాల్లో ఈ పొర పడదు. లోతైన రంధ్రాలకు, వేడి రసాయన ద్రావణంలో ముంచి విద్యుత్తు లేకుండా వేసే నికెల్ బోరాన్ పూత అన్ని మూలలకూ సమంగా పడుతుంది. దాన్ని తరువాత 350 నుంచి 400 డిగ్రీల దగ్గర వేడిచేస్తే నికెల్ బోరైడ్ స్ఫటికాలు ఏర్పడి మరింత గట్టిపడుతుంది.

పలుచని పొర తీసుకునేటప్పుడు మందాన్ని గుండ్రని బంతితో చిన్న గుంట అరగదీసి కొలిచే పరీక్ష, పట్టును రాక్‌వెల్ సూది గుచ్చి చుట్టూ చూసే పరీక్ష, ఈ రెండింటి ఫలితాలను అడగాలి. గుచ్చిన చోటు చుట్టూ సన్నని పగుళ్ళు ఉండవచ్చు, పొర మాత్రం రేగి ఊడకూడదు. ఈ పొరలో నొక్కుడు ఒత్తిడి ఎక్కువ కాబట్టి మందం ఎక్కువ కావాలని పట్టుబట్టకూడదు. ఉపరితల పూతల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ ఏఆర్‌సీఐ హైదరాబాదులోని బాలాపూర్‌లో ఉంది. పెద్ద సంఖ్యలో భాగాలు చేయించేవారు అటువంటి సంస్థల సలహా తీసుకోవడం మేలు.

బోరైడ్ల ఉపయోగం మిల్లులతోనే ఆగదు. లాంథనం హెక్సాబోరైడ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినుల్లో ఎలక్ట్రాన్లను వెలువరిస్తుంది. మెగ్నీషియం డైబోరైడ్ 39 కెల్విన్ల దగ్గర అతివాహకంగా మారుతుందని 2001లో బయటపడింది. జిర్కోనియం, హాఫ్నియం బోరైడ్లు అతివేగ విమానాల ముందు అంచుల కోసం పరిశోధనలో ఉన్నాయి.

ఎక్కడ వద్దు, బిగించేటప్పుడు ఏం చేయాలి

ఉప్పునీటి రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్ షాఫ్టులకు ఇనుప బోరైడ్ వేయించవద్దు. పొరలో ఉండే సన్నని రంధ్రాల గుండా ఉప్పునీరు దిగి కింది ఉక్కును తినేస్తుంది, అక్కడ స్టెయిన్‌లెస్ ఉక్కే సరైనది. ఊక బాయిలరులో గాలి తగులుతూ ఎర్రగా కాలే భాగాలకూ వద్దు. బోరైడ్ ఆక్సీకరణం చెందితే ఏర్పడే బోరాన్ ఆక్సైడ్ 450 డిగ్రీలకే కరిగి కారిపోతుంది, చల్లారిన తరువాత మన గాలిలోని తేమతో కలిసి తెల్లని బోరిక్ పొడిగా రాలుతుంది.

బోరైడింగ్ చేసిన వార్మ్‌ను షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు ఇనుప సుత్తితో కొట్టకూడదు. కొయ్య సుత్తి లేదా రాగి కడ్డీ వాడాలి, బిగుతుగా ఉంటే షాఫ్టు వైపే సరిచేయాలి. మొదటి రోజు ఛాంబరు ఒత్తిడి తక్కువగా ఉంచి, ఎండు కొబ్బరిలో మేకు, బోల్టు వంటివి రాకుండా తొట్టి దగ్గర అయస్కాంతం బిగించాలి. నెలకొకసారి ఛాంబరు విప్పినప్పుడు మర అంచు మందాన్ని వెర్నియర్‌తో కొలిచి గోడ మీద రాసి ఉంచాలి. తగ్గుదల నెమ్మదిగా ఉండి ఒక నెలలో హఠాత్తుగా పెరిగిందంటే పొర దాటి ఉక్కు బయటపడిందని అర్థం. ఆ వార్మ్‌ను వెంటనే దించి, మిగిలిన పాత పొరను తీయించి, మళ్ళీ బోరైడింగ్‌కు పంపాలి.